పెద్దత్తమ్మ తెచ్చిన వస కొమ్ము

ఆదివారం, హన్మకొండ

మా ఆయన పెద్దమ్మ పరకాల నుంచి వస్తోందని తెలియగానే గుబులు మొదలైంది. మా పాప మిన్నుకు ఆటిజం అని డాక్టర్ చెప్పిన దగ్గర నుంచి ఫోన్‌లో ఆమె చెప్పని వైద్యం లేదు. ఇవాళ ఏకంగా వస కొమ్ముతోనే దిగింది.

"జర అరగదీసి నాలుకకు రాస్తే మాటలు అవే వస్తయి బిడ్డా. మన పిల్లలందరికి రాసినం" అంటూ సానరాయి అడిగింది.

"వద్దత్తమ్మా. నోట్లె కొత్త రుచి తగిలితే అది దినమంత అన్నం ముట్టదు" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. పెద్దావిడను నొప్పించానని వంటింట్లో నన్ను నేనే తిట్టుకున్నాను.

తిరిగి వచ్చేసరికి, వాడంతా వినబడేలా మాట్లాడే మనిషి నోరు మూసుకుని మిన్ను పక్కన నేల మీద కూర్చుంది. మిన్ను బొంగరంలా తిప్పే గిన్నె మూత దూరంగా దొర్లిపోతే తెచ్చి దాని చేతికిస్తోంది. అంతలో మా ఆడపడుచు ఏదో తాయెత్తు సంగతి చెప్పాలని ఫోన్ చేసింది. అత్తమ్మే అందుకుని గుసగుసగా అంది: "ఇగ ఎవ్వలు ఏం చెప్పకుండ్రి. వస్తే సప్పుడు జెయ్యకుంట కూసోండ్రి. పిల్ల మంచిగ ఆడుకుంటాంది."

మిన్ను నన్ను అమ్మా అని ఎప్పటికి పిలుస్తుందో, అసలు... ఆ దిగులు ఇవాళా పోలేదు.

బస్సెక్కే ముందు అత్తమ్మ వస కొమ్మును కొంగున ముడేసుకుని, "మళ్లొచ్చేటప్పుడు ఏం తేవాలె బిడ్డా?" అంది. ఇన్నాళ్లూ అందరూ చెప్పేవాళ్లే. నన్ను అడిగింది ఈమె ఒక్కతే.

ఇత్తడి మూతలుంటే తెమ్మన్నాను.