మిక్సీ పక్కన పెట్టి చూసిన స్టార్టరు

పరీక్షల ల్యాబు మేనేజరు గారికి,

కోరుట్లలో పొలం మోటర్లకు ఫోన్ స్టార్టర్లు తయారుచేసేది నేనే. పక్క యంత్రాల కరెంటు అలజడికి స్టార్టరు దానంతటదే ఆన్ అవుతుందేమో చూసే పరీక్షకు మీరు రేటు తగ్గించినా నేను రాలేదు. మా ఇంటి మిక్సీ పక్కన పెట్టి చూసి, బాగానే ఉందని అమ్మేశాను.

రాయికల్ రైతు నర్సింగం ఫోన్‌తో మోటరు ఆపి, ఫ్యూజు పీకకుండానే బావిలో దిగి వైరు సరిచేస్తున్నాడు. పక్క పొలం మోటరు మొదలవగానే ఇతని స్టార్టరూ ఆన్ అయింది. షాక్ కొట్టి చనిపోయాడు.

"మోటర్ బంద్ చేసుడు మర్చిండని అందరంటున్నరు. నిజమేనా తమ్మీ?" అని ఆయన భార్య కొమురవ్వ అడిగింది. మోటరు ఆగినట్టు ఆయన ఫోన్‌కు వచ్చిన మెసేజ్ అప్పటికే చూశాను. అయినా అవునన్నాను.

ఆ స్టార్టరునే ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పరీక్షించి, రిపోర్టు తెలుగులో రాయండి. నాకు వద్దు, కొమురవ్వ ఇంటికి పంపండి.