స్నేహ వాక్యం చివరిదాకా చెప్పింది

ఆదివారం రాత్రి

చెప్పేసింది! నా చిన్న కూతురు స్నేహ ఈ రోజు చర్చిలో బైబిల్ కంఠత వాక్యం మొత్తం, ఒక్క మాట వదలకుండా చెప్పేసింది! దేవా, నీకు వందనాలు. పోయిన పండక్కి సగంలోనే మైకు వదిలేసి బెంచీల మధ్య పరుగెత్తిన పిల్ల ఇదే.

దీనికి మనసు ఒకచోట నిలవని సమస్య ఉందని పంజాగుట్ట డాక్టరమ్మ మాత్రలు రాసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. "అల్లరి సుత రోగమేనారా? ముసలితనంల పుట్టిన బిడ్డను మందులేసి మొద్దును చేస్తవా?" అని అక్క తిట్టింది. నా భయమూ అదే. నవ్వు పోతుందేమోనని రోజూ దాని ముఖమే చూస్తూ కూర్చునేవాణ్ణి.

నవ్వు ఎక్కడికీ పోలేదు! వాక్యం అయిపోగానే స్టేజీ మీంచి దూకి, "డాడీ, మస్తు చెప్పిన గదా! బిర్యానీ ఎప్పుడు?" అని అందరి ముందూ అరిచింది.

పాస్టరమ్మ "ప్రార్థన ఫలించిందన్నా" అంది.

"ఫలించిందమ్మా. మందు సుత పనిచేసింది" అన్నాను. ఇన్నాళ్లూ చర్చిలో ఎవరితోనూ అనలేకపోయిన మాట అది.

కానీ ఆ బిర్యానీ నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. మాత్ర వేసుకుంటే ఆకలి తగ్గుతోంది. ఇంకా ఎన్నాళ్లు వేయాలో డాక్టరమ్మనే అడగాలి...

పొద్దున్నే చెప్పాల్సినవాళ్లు: బల్కంపేట అక్క. మధురానగర్‌లో పెద్దమ్మాయి, అల్లుడు. ఊళ్లో పిన్ని. బేగంపేట బావమరిది. వాడి కూతురినీ డాక్టరుకు చూపించమని బళ్లో చెప్పారట, సిగ్గుపడి ఎవరితోనూ చెప్పుకోవడం లేదు. వాడికి ఫోన్లో కాదు, ఇంటికే వెళ్లి చెప్పాలి.