కుర్చీ లాక్కుని కూర్చున్న డాక్టరుగారికి

డులూత్,
అక్టోబరు 14.

గౌరవనీయులైన డాక్టర్ రస్సెల్ కీటింగ్ గారికి,

మార్లిస్ హౌగెన్ నమస్కారాలు. మీరూ మీ ఇంట్లోవాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాద అయిపోయింది. ఇక నా కోపం వినండి.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మొన్న శనివారం హోటల్లో జరిగిన ఎమర్జెన్సీ డాక్టర్ల శిక్షణలో, కొడుకు పోయిన తల్లిగా నటించినదాన్ని. పచ్చ స్వెట్టరు వేసుకున్నాను. చావు కబురు ఎలా చెప్పాలో మీకు నేర్పడానికి నాలాంటివాళ్లను పిలుస్తుంటారు. ఏటా ఇన్ని గంటలు చదువుకున్నామని చూపిస్తేగాని మీ లైసెన్సు నిలవదు కాబట్టి మీరంతా వస్తుంటారు. రిటైరయ్యేదాకా హైస్కూల్లో పిల్లల చేత నాటకాలు వేయించినదాన్ని, నటన నాకు కొత్త కాదు.

మీరు చాలా బాగా చేశారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా ఒళ్లు మండింది అక్కడే. లోపలికొచ్చి తలుపు మూశారు. ఫోను పక్కన పెట్టారు. కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చున్నారు. "మీకు చాలా చెడ్డ కబురు చెప్పాలమ్మా. మీ అబ్బాయి ఆర్లో చనిపోయాడు" అన్నారు. నసగలేదు, చనిపోయాడనే అన్నారు. ఆ తర్వాత నోరు మెదపకుండా నన్ను ఏడవనిచ్చారు. నేను ఏమడిగినా ఆర్లో అని పేరు పెట్టే జవాబిచ్చారు. మార్కులు వేసే ఆవిడ పక్కన కూర్చుని తల ఊపుతూనే ఉంది. పాసు చేయమని నేనూ చెప్పాను.

తర్వాత కాఫీ బల్ల దగ్గర మీ వెనకే నిలబడ్డాను. మీరు చూసుకోలేదు. డోనట్ కొరుకుతూ పక్కాయనతో ఏమన్నారో గుర్తుందా?

"ఇక్కడ ఇదంతా బానే ఉంటుందయ్యా. డ్యూటీలో కూర్చుని ఓదార్చే తీరిక ఎవడికుంది? గుమ్మంలో నిలబడే చెప్పేస్తా, వచ్చేస్తా."

ఆయన నవ్వి, మన గంటలు మనకొచ్చాయి, ఇంటికెళ్లి ఫుట్‌బాల్ చూసుకోవచ్చు అన్నాడు. మీరూ నవ్వారు.

అంటే చేతకాక కాదన్నమాట! ఇన్నాళ్లూ నేను, పాపం వీళ్లకు ఎవరూ నేర్పి ఉండరులే అనుకుంటూ వచ్చాను. తెలియనివాళ్లకు నేర్పొచ్చు. అన్నీ తెలిసి చేయనివాళ్లను ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

నాకు తెలిసిన ఒకావిడ సంగతి చెబుతాను. జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకని వెళ్తే, మంచు విరిగి ఆవిడ కొడుకు ట్రక్కుతో సహా నీళ్లలో పడ్డాడు. ఆస్పత్రిలో డాక్టరు వచ్చాడు. తలుపు పిడి మీద చెయ్యి తీయకుండానే, "మేం చేయగలిగిందంతా చేశామండీ. మిగతాది నర్సు మాట్లాడుతుంది" అని వెళ్లిపోయాడు. ఆవిడకేం అర్థమైందనుకుంటున్నారు? అంతా చేశారట, ఇక ఫరవాలేదని అర్థమైంది. వెంటనే భర్తకు ఫోను చేసింది. వాడి ఉన్ని మేజోళ్లు పట్రా, కాళ్లు చల్లబడి ఉంటాయి అంది. ఆయన పరుగున తెచ్చాడు. ఆ మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని, ఈసారి వీడు చేపల మాటెత్తితే కాళ్లు విరగ్గొట్టాలి అని నవ్వుకుంటూ కూర్చున్నారు ఇద్దరూ. నర్సు వచ్చేదాకా.

అలా నవ్వినందుకు ఆవిడ ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది. సిగ్గుపడాల్సింది ఆవిడేనా? మీరే చెప్పండి.

తీరిక లేదంటారు. బయట అంబులెన్సులు వస్తూనే ఉంటాయి, ఆ మాత్రం నాకూ తెలుసు. మిమ్మల్ని పొద్దస్తమానం కూర్చోమని ఎవరూ అనలేదు. కాస్త కూర్చోండి, బిడ్డ పేరు చెప్పండి, పోయాడంటే పోయాడని చెప్పండి. ఉత్తుత్తి తల్లికి ఇవ్వగలిగింది నిజం తల్లికి ఎందుకివ్వలేరు? నా పక్కన మార్కులు వేసే మనిషి ఉంది, ఆ తల్లి పక్కన లేదు. ఇంతకుమించి తేడా నాకేం కనబడలేదు.

ఈ వారంలోనే ఎవరో ఒకరు మీ ఆస్పత్రిలో ఆ గదిలో మీకోసం ఎదురుచూస్తారు. అక్కడ కుర్చీలున్నాయి, నేను చూశాను. కూర్చోండి.

కోపం ఏమాత్రం తగ్గని,
మార్లిస్ హౌగెన్

తా.క.: ఆ ఒకావిడ నేనే. తలుపు పిడి పట్టుకుని నిలబడ్డది మీరే. శనివారం నా మొహంలోకి అంతసేపు చూసి కూడా పోల్చుకోలేదు. శిక్షణవాళ్లు రాసిచ్చిన కథలో కొడుకు పేరు బ్రయన్. బతిమాలి ఆర్లో అని మార్పించుకున్నాను, అది మావాడి పేరు. ఆ జనవరిలో మీరు ఒక్కసారి కూడా వాడి పేరెత్తలేదు. శనివారం ఎంతో దయగా పలికారు. అప్పుడు నేను నటించలేదు డాక్టరుగారూ. నా కొడుకు చనిపోయాడని మీరు నాకు చెప్పింది ఆ హోటల్ గదిలోనే.