తిరుమలగిరిల నన్ను నానీ అంటరు

తిరుమలగిరి,
సికింద్రాబాద్.

అమ్మకు,

నీ బిడ్డ సుగుణ నీ కాళ్ళకు మొక్కి రాస్తున్న. ఇక్కడ నేను, అల్లుడు, నా మనుమడు చిన్నుగాడు, ముగ్గురం మంచిగున్నం. అక్కడ నువ్వు, అన్న, వదినె సుత మంచిగున్నరనే అనుకుంటున్న. నీ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయి? వాన పడితే నీకు ఎక్కువైతయి, నాకెరుకే. వాకిట్ల పాకురు పట్టి ఉంటది, కర్ర లేకుంట దిగకు. అన్న బీపీ గోలీలు ఏసుకుంటుండా, మంచిగనే ఉన్న కద అని మళ్ళ బంద్ పెట్టిండా? బర్రె ఈనిందా? ఈనితే జున్ను తిన్నప్పుడు నన్ను జెర యాది చేసుకోండ్రి.

ఫోనుండంగ ఉత్తరమేందని అన్న నవ్వుతడు. నవ్వనియ్యి. ఫోన్ల నీకు సగం ఇనవడది, మిగిలిన సగం అన్న గుంజుకుంటడు. నీతోని చెప్పాలనుకున్న ముచ్చట ఒక్కటి సుత నీ దాక వస్తలేదు. అందుకే కూసోని రాస్తున్న. వదినె చదివి ఇనిపిస్తది. వదినే, మొత్తం చదువు, అన్నను తిట్టిన కాడ గూడ ఆపకు.

ఇక్కడ ముసురు పట్టింది. బట్టలు ఆరుతలేవు, ఇల్లంత దండేలే. పొద్దుగాల మిలిటరోళ్ళు బూర ఊదంగనే చిన్నుగాడు లేస్తడు, ఇగ నన్ను పండనియ్యడు. అల్లుడు టిఫిన్ చేసి బేగంపేట ఆఫీసుకు పోతడు, మళ్ళ దీపాలు పెట్టినంకనే వచ్చుడు. అల్లుడని చెప్పుడు కాదు గని మంచోడు. అలిసిపోయి వచ్చి సుత గిన్నెలు తోముతడు, వద్దన్నా ఇనడు. వదినే, ఇది అన్నకు ఇంకోసారి చదివి ఇనిపియ్యి.

తిండికి లోటు లేదు. బియ్యం తెల్లగ మల్లెపూల లెక్క ఉంటయి, నోట్ల పెడితే ఏం రుచి ఉండది. ఇక్కడి చింతపండుల పులుపే లేదు, చారు కాస్తే ఉడుకునీళ్ళు తాగినట్టే ఉంటది. ఎవలన్న ఇటు దిక్కు వస్తే మన చింతపండు జెరంత పంపు. మక్కజొన్న పిండి సుత పంపు, చిన్నుగానికి రొట్టె మంచిగ అలవాటైంది.

ఊర్ల ఉన్నప్పుడు నేను కుట్టుమిషిను ముందట కూసుంటే ఎవ్వలో ఒకలు వచ్చి ముచ్చట పెట్టెటోళ్ళు. ఇక్కడ ఎవలి తలుపులు వాళ్ళు పెట్టుకుంటరు. షురూల చాన పరేషాన్ అయిన. బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిన సుత. ఇప్పుడు ఏడుస్తలేను. నేను వచ్చింది పని మీద. నా బిడ్డ శిరీష నేవీ ఓడ మీద నిశ్చింతగ ఉండాలె, దాని కొడుకు ఇక్కడ కడుపు నిండ తిని పెరగాలె. గది నా పని.

శిరీష మంచిగున్నది. దాని ఓడ ఏడున్నదో నాకు తెల్వది, అది చెప్పదు, నేను అడగ. పరాయి దేశాల దిక్కు సముద్రంల ఉండి, మన సరుకు ఓడలకు కావలి కాస్తున్నరని మాత్రం ఎరుక. ఓడ ఏదన్న రేవుకు వచ్చినప్పుడు ఫోన్ చేస్తది. దసరాకు వస్తనన్నది గని ఇంక కొన్ని నెలలు ఆడనే ఉండాల్నట.

ఆ ముచ్చట తెలిసినంకనే కద అన్న ఫోన్ల లొల్లి పెట్టింది. "పిల్లతల్లికి సముద్రమేందీ, వచ్చెయ్యమని చెప్పరాదు, పోరడు తల్లి లేని పిల్లగాని లెక్క పెరుగుతుండు" అన్నడు. నేను అప్పుడు ఏమనలే. ఇప్పుడంటున్న. వానికి తల్లి ఉన్నది. డ్యూటీల ఉన్నది. మన వాడకట్టుల సగం మంది మొగోళ్ళు దుబాయిల ఉన్నరు, వాళ్ళ పిల్లలను తండ్రి లేనోళ్ళని ఎవడన్న అన్నడా? మరి నా బిడ్డకే ఎందుకు ఆ మాట?

గని అమ్మా, ఆ మాట నాకు ఊకెనే గుచ్చుకోలే. అంతకు ముందే ఇంట్ల ఒకటైంది.

చిన్నుగానికి మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నయి. నన్ను అమ్మమ్మ అని పిలువుమని నేర్పిన. వాని నాలుక సగం దాక పోయి ఆగుతది. అమ్మ అంటడు, అంతే. ఆకలైతే అమ్మ, కింద పడితే అమ్మ, పిల్లి కనవడితే నాకు చూపిచ్చెటందుకు అమ్మ. నాకు ముద్దొచ్చింది, అబద్ధమెందుకు. పిల్లల నోరు, రేపటికి అదే తిరుగుతదని ఊకున్న.

ఓనాడు శిరీష వీడియో కాల్ చేసింది. తెల్ల యూనిఫారంల ఉన్నది. "చిన్నూ, అమ్మేదిరా?" అన్నది. వాడు ఫోన్ ఆడ పడేసి, ఉరికొచ్చి నా కొంగుల మొఖం పెట్టి "అమ్మ" అన్నడు. లైన్ కట్టయిందేమో అని ఫోన్ తీసి చూసిన. కట్ కాలే. అది గట్లనే చూస్తున్నది. "మంచిగ తింటున్నడా?" అని మాట మార్చింది. ఆఖరుకు మెల్లగ అన్నది, "అమ్మా, నన్ను ఓడ మీదికెల్లి దింపుమని కాగితం పెడ్త."

ఆ ఓడ కోసం అది ఎన్ని ఏండ్లు ఎదురు చూసిందో నీకెరుకే. ఆయన పోయినంక నేను మిషిను తొక్కి చదివిచ్చింది దాన్ని ఒడ్డు మీద కూసోవెట్టెటందుకా? "ఇగో పిల్లా, కాగితం గీగితం అన్నవంటే నేను ఊరికి బస్సెక్కుత" అన్న. "నీ కొడుకు నిన్ను మరువలే. వానికి మాట తిరుగుతలేదు, అంతే. అది నేను దిద్దుత. నువ్వు నీ పని చూస్కో" అన్న. పెద్ద గొంతుతోనే అన్న గని ఫోన్ పెట్టినంక వాన్ని ఒళ్ళె కూసోవెట్టుకున్న. వాడు నిజంగనే మరిస్తే నేను దానికి ఏం జవాబు చెప్పాలె?

తెల్లారికెల్లి పని షురూ చేసిన. గోడకు శిరీష యూనిఫారం ఫోటో ఉంటది. లేవంగనే వాన్ని దాని ముందట నిలవెట్టి, "అమ్మ ఏది?" అని అడుగుడు, వేలుతోని చూపిచ్చుడు. తొందరగనే నేర్చిండు. నాకు సంబురమైంది. గా ఆదివారం ఆటోల మారేడ్‌పల్లి దిక్కు పోతుంటే సిగ్నల్ కాడ ఆగినం. ట్రాఫిక్ పోలీసాయన తెల్లంగి ఏసుకోని, ఇంతింత మీసాలతోని నిలవడ్డడు. వీడు ఆటోలకెల్లి తలకాయ బయట పెట్టి "అమ్మా" అని ఒర్రిండు. ఆయన బిత్తరపోయి నా దిక్కు చూసిండు. ఆటో ఆయన నవ్వుడే నవ్వుడు, నేను గూడ నవ్విన. ఇంటికొచ్చినంక సమజైంది, వాడు గుర్తు పట్టింది తల్లిని కాదు, తెల్లంగిని.

ఆ ఫోటో తీసేసిన. శిరీష నూనె పెట్టుకోని జడ ఏసుకున్న ఫోటో ఒకటి, పాత నైటీల జామకాయ తినుకుంట ఉన్నది ఒకటి పెట్టిన. మొఖం చూడురా, మొఖం, అని చూపిచ్చిన. మరి నా పిలుపు ముచ్చటేంది? నన్ను అమ్మ అన్నంత కాలం ఎన్ని ఫోటోలు పెడితే ఏం లాభం? అన్న "అవ్వ అని పిలిపిచ్చుకో" అన్నడు. అదీ చూసిన. వాని నోట్ల పడితే అవ్వ సుత అమ్మే అయితది.

మా ఎదురింట్ల రజియా ఆపా అని ఉంటది. తలుపు తెరిచి పెట్టేది ఈ బిల్డింగుల ఆమె ఒక్కతే. ఆమె బిడ్డ పిల్లలు సెలవులకు వచ్చిండ్రు, "నానీ, నానీ" అని ఇల్లు పీకి పందిరేసిండ్రు. అక్కను ఆపా అన్నట్టే, తల్లి తల్లిని వాళ్ళు నానీ అంటరు. చిన్నుగాడు వాళ్ళ ఎంబడి పోయి, ఆపా కొంగు గుంజి "నానీ" అన్నడు. సాఫ్‌గ, ఏం తక్లీఫ్ లేకుంట అన్నడు. నేను గడపల నిలవడి విన్న. ఆ మాటల ఏడ గూడ అమ్మ లేదు కద అని అప్పుడు తట్టింది.

"ఆపా, నీ పేరు జెర నాకు సుత ఇయ్యి" అన్న. సంగతి ఇని, "తీస్కో సుగుణా, పిలిస్తే అరిగిపోతదా ఏంది" అన్నది.

ఆ దినం నుంచి నానీ అంటేనే పలుకుడు. అమ్మ అంటే పలుకలే. చెప్పుడు అల్క, చేసుడు కష్టం. ఓనాడు వానికి జ్వరమొచ్చింది. నన్ను చూసి "అమ్మా" అని రెండు చేతులు చాపిండు. పలుకకుంట ఎట్లుంట? ఎత్తుకున్న. ఎత్తుకోని, "నానీ వచ్చిందిరా, నానీ" అని వాని ఈపు నిమిరిన. నా పానం ఎట్ల కొట్టుకున్నదో నీకే చెప్తున్న, ఎవ్వలకు చెప్పలే. శిరీష చిన్నగున్నప్పుడు నిన్ను "అమ్మమ్మా" అని పిలిస్తే, నా వంతు ఎప్పుడొస్తదా అనుకునేదాన్ని. వంతు వచ్చింది, నేనే పక్కకు పెట్టిన. బాధైంది. అయినా మాట మార్చలే.

కింది ఇంట్ల ఇంజనీరింగ్ చదివే పిల్లగాని ముద్దుపేరు నానీ. మెట్ల మీద వీడు నన్ను పిలిస్తే, ఆ పొడుగాడు "ఆ, ఏందిరా" అని బయటికొస్తడు. బిల్డింగంత నవ్వుతరు. నవ్వితే నా సొమ్మేం పోయింది.

మొన్న మళ్ళ ఫోన్ వచ్చింది. ఈసారి శిరీష మామూలు బట్టలల్ల ఉన్నది. చిన్నుగాడు తలుపెనుక దాసుకున్నడు. నేను పిలువలే, సైగ సుత చెయ్యలే, ఫోన్ మంచం మీద పెట్టి దూరం జరిగిన. అది గూడ ఏం అడగలే, కొడుకు దిక్కు చూసుకుంట కూసున్నది. వాడు మెల్లగ వచ్చిండు, ఫోన్ల చూసిండు, నా దిక్కు తిరిగి "నానీ" అన్నడు. ఇంతేనా అనుకున్న. అంతల వేలు ఫోన్ మీద పెట్టి, "నానీ, అమ్మ" అన్నడు. చూడు, అమ్మ వచ్చింది అని నాకు చెప్తుండు, నాకే తెల్వదన్నట్టు.

శిరీష నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకటేసారి. "అమ్మా, బిస్కెట్ తే" అన్నడు వాడు. తెస్త బిడ్డా, ఓడ నిండ తెస్త అన్నది.

వాడు ఆటకు ఉరికినంక "నానీ ఏందమ్మా?" అని అడిగింది. చెప్పిన. "నీకు అమ్మమ్మ అనిపిచ్చుకోవాల్నని ఉండె కద" అన్నది. "ఉండె. ఆ పిలుపు ఏడికి పోతది, ఉంటది తియ్యి" అన్న. అప్పుడు ఆఫీసర్ గొంతు పెట్టింది. "విను అమ్మా. నేను వచ్చినంక అమ్మమ్మ అనుడు వానికి నేనే నేర్పుత. అందాక ఎవ్వలు నేర్పొద్దు. ఇది ఆర్డర్" అన్నది. కాగితం ముచ్చట అది ఎత్తలే, నేను ఎత్తలే.

అందుకని మీకు ముందుగాలనే చెప్తున్న. వానలు తగ్గినంక చిన్నుగాన్ని తీస్కోని నాలుగొద్దులు వస్త. అన్నా, నీకే చెప్పేది, మేనకోడలు ఆర్డర్ ఏసింది. ముద్దుకు సుత వానితోని అమ్మమ్మ అనిపియ్యకు. వాడు నానీ అని ఒర్రితే ఊరంత నవ్వుతరంటవా, నవ్వనియ్యి. నువ్వు గూడ నవ్వు, గని గోలీలు ఏసుకోని నవ్వు.

వదినెను అడిగిన్నని చెప్పు, చదువుకుంట ఆమెనే ఇంటది గని నువ్వు గూడ చెప్పు. పెద్దలందరికి నా దండాలు. అమ్మా, శిరీషను దీవించు. వచ్చెయ్యమని కాదు, పని మంచిగ చేసి రమ్మని దీవించు. నా గురించి రంది పెట్టుకోకు. ఇన్ని దినాలు అమ్మమ్మ అని పిలిపిచ్చుకునుడు ఆగింది గని, అమ్మా అని పిలుచుడు నాకు ఆగలే. నువ్వున్నవు.

నీ బిడ్డ
సుగుణ
(శిరీష వచ్చిందాక నానీ)