శనివారం పడవ ఎక్కేలోగా

మంగళవారం, 1908 నవంబరు పదో తేదీ ఉదయం తొమ్మిదింటికి మా పెదనాన్న రెండో కొడుకు బేసిల్ వైమర్ చనిపోయాడు. ఆ నిమిషం నుంచి కోల్డ్‌మియర్ ప్రభువు బిరుదు, భవనం, చిత్తడి నేలలు నాకు వచ్చాయి. నా తరువాత అవి మా బాబాయి కొడుకు జోస్లిన్‌కు వెళతాయి. ఈ వీలునామా రాయడానికి కారణం ఈ చివరి వాక్యమే.

లాంబర్ట్ వైమర్ అనే నేను, వయసు యాభై తొమ్మిది, అవివాహితుణ్ణి, నార్విచ్‌లోని ఒక పత్రికలో ముప్పై ఏళ్ళు మరణ విచారణలు రాసిన విలేకరిని, నార్ఫోక్‌లోని కోల్డ్‌మియర్ భవనంలో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, స్వదస్తూరీతో రాస్తున్నాను. చిత్తం స్థిరంగానే ఉందని డాక్టర్ గర్నీ నిన్న చూసి చెప్పాడు. "బుర్రకేం ఢోకా లేదు గానీ, కుర్చీని గోడకెందుకు ఆనించావు లాంబర్ట్?" అని అడిగాడు. వీపు వెనక తలుపుంటే రాయలేకపోతున్నానని చెప్పాను. ఈ పేజీ రాస్తుండగా రెండుసార్లు లేచి గడియ చూసి వచ్చాను.

1. నా న్యాయవాది టిల్లెట్‌ను ఈ వీలునామా అమలుదారుగా నియమిస్తున్నాను. మా వంశంలో ఆస్తి బిరుదు వెంటే పోతుంది, బిరుదు మగవాళ్ళ వెంటే పోతుంది. ఆ ముడిని తెంచే హక్కు ఆస్తి చేతికొచ్చిన ప్రభువుకు ఉంది. దానికి వేరే దస్తావేజు రాయాలి. రాశాను, సంతకం పెట్టాను. కానీ లండన్ కోర్టులో నమోదైతేనే అది చెల్లుతుంది. ఇంకా ముందు కుదరదా అని అడిగాను. "సోమవారం పదింటికండీ. అంతవరకూ మీరు కాస్త ఆరోగ్యంగా ఉండాలి మరి" అన్నాడు టిల్లెట్. ఆయన నవ్వలేదు. అప్పటికి నేను బతికి ఉంటే కింది అంశాలు అమలవుతాయి. లేకపోతే భవనం జోస్లిన్‌ది, రెండూ మూడూ అంశాలు చిత్తు కాగితాలు.

2. కోల్డ్‌మియర్ భవనం, తోట, దానికి చెందిన పొలాలు మా మేనత్త హెస్టర్ వైమర్‌కు సర్వహక్కులతో చెందవలసినది. ఆమె ఈ ఇంట్లోనే పుట్టింది. డెబ్బై నాలుగేళ్ళుగా ఏ కిటికీ ఏ గాలికి కొట్టుకుంటుందో చూసి బిగించేది ఆమే. ఇంటిలో ఒక్క ఇటుక కూడా ఆమె పేరిట లేదు. మంగళవారం సాయంత్రం బేసిల్ శవపేటికను హాల్లో దించీ దించగానే జోస్లిన్ ఆమె చేయి పట్టుకుని, "క్రోమర్‌లో మీకో గది చూసి పెట్టానత్తయ్యా. సముద్రపు గాలి మీకు పడుతుంది" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పింది. తరువాత నా గదికి వచ్చి, "నాకా గాలి పడదురా" అని కూర్చుండిపోయింది.

3. వంటామె మిసెస్ లార్టర్‌కు గేటు దగ్గరి చిన్న ఇల్లు, నా వెండి టీ చెంచాలు ఇవ్వవలసినది. బేసిల్ విషపు పుట్టగొడుగులు తిని పోయాడని విచారణలో తేల్చారు. వంటగదిలో అజాగ్రత్త అని తీర్పులో రాశారు. అది తప్పు. ఆ వంటకం వంటగదిలో తయారు కాలేదు. సోమవారం సాయంత్రం జోస్లిన్ మూత పెట్టిన గిన్నెలో తన ఇంటి నుంచి తెచ్చాడు. నేను చూశాను, విచారణలోనూ చెప్పాను. జోస్లిన్ తెచ్చినది పీతల కూర అన్నాడు. గిన్నె అప్పటికే కడిగేశారు. "నేను వండింది ముందు నేను తింటానండీ, పాతికేళ్ళుగా ఇంతే. ఎప్పుడైనా చచ్చానా?" అని మిసెస్ లార్టర్ అడిగింది. ఆ మాట తీర్పులోకి ఎక్కలేదు. అందుకే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

4. పెదనాన్న పెద్ద కొడుకు హ్యూబర్ట్ అన్నయ్య నిలువెత్తు చిత్రాన్ని హాల్లోంచి తీసి భోజనాల గదిలో, వడ్డన బల్ల ఎదురుగా పెట్టాలి. విందులకు వచ్చినవాళ్ళకు ఆయన నన్ను "మావాడే, ఏదో రాసుకుంటూ ఉంటాడు" అని పరిచయం చేసేవాడు. ఇరవై ఏళ్ళు అదే మాట. అయినా మాంసంలో మంచి ముక్క నా కంచంలోనే వేసేవాడు. రెండూ నిజాలే.

5. డాక్టర్ గర్నీకి నా చదరంగం బల్ల రాయాలనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి వీలునామాలో ఏమీ రాయకూడదట. అందుకని పొద్దున్నే చేతికిచ్చేశాను. "అంత తొందరేమిటయ్యా?" అన్నాడు.

6. తమ్ముడు జోస్లిన్ వైమర్‌కు నా నల్ల కోటు, నల్ల చేతి తొడుగులు. నా అంత్యక్రియలకు అతనికి మళ్ళీ దర్జీ ఖర్చు ఉండకూడదు.

అతని గురించి నాకు తెలిసినవి ఇవి. జూన్‌లో హ్యూబర్ట్ కొడుకు రాడ్నీ గుర్రం మీది నుంచి పడి పోయాడు. జీను పట్టీ తెగింది. ఆ ఉదయం జీను బిగించింది జోస్లిన్. ఆగస్టు ఆఖర్న, అప్పటి ప్రభువు మా పెదనాన్న తొంభై ఏళ్ళ వయసులో నిద్రలో పోయారు. ఆ చావు మీద నాకు అనుమానం లేదు. సెప్టెంబరులో, ప్రభువైన వారానికే, హ్యూబర్ట్ వేట పడవ నుంచి పడి మునిగిపోయాడు. పడవ నడిపింది జోస్లిన్. ఇక బేసిల్ శవపేటిక మీద జోస్లిన్ పెట్టిన పూలదండ. తెల్ల లిల్లీలు మా వైపు ఈ కాలంలో దొరకవు. నార్విచ్ పూల దుకాణంలో అడిగాను. "అవి లండన్ నుంచి రావాలి కదండీ, ఆయన సోమవారం పొద్దున్నే చెప్పి వెళ్ళారు" అంది పూలమ్మే ఆమె. సోమవారం పొద్దున బేసిల్ తోటలో నడుస్తున్నాడు. ఇదంతా పోలీసు అధికారికి చెప్పాను. "పూలు ముందుగా కొనడం నేరం కాదండీ. ఆప్యాయత గల మనిషి" అన్నాడాయన.

7. నా దినచర్యకు సంబంధించిన సూచన. కోల్డ్‌మియర్‌కు కొత్త ప్రభువు వచ్చిన తరువాత మొదటి శనివారం, కౌలుదారులంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, ఆయన పాత పడవలో అడవి బాతుల వేటకు వెళ్ళాలి. తుపాకీతో ముందు కూర్చునేది ప్రభువు. వెనక నిలబడి గెడతో పడవను తోసేది తరువాతి వారసుడు. రెల్లు దాటాక ఒడ్డుకు ఏమీ కనిపించదు. హ్యూబర్ట్ వంతు వచ్చినప్పుడు వారసుడు బేసిల్. నీళ్ళంటే భయమని అతను తప్పుకుంటే జోస్లిన్ గెడ అందుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు బేసిల్ జలుబని మానేశాడు. కౌలుదారులు మొహాలు చూసుకున్నారు. అతన్ని ఓదార్చడానికే జోస్లిన్ తరచూ భోజనానికి రావడం మొదలుపెట్టాడు.

నేనూ మానేస్తానని అత్తతో అన్నాను. "జ్వరమంటే ఒప్పుకుంటాను నాయనా, అనుమానమంటే ఎలా? ఆహ్వానం కార్డులు పంపేశాం" అంది. లేచి వెళ్తూ, "వాడేనని నాకూ తెలుసు. వాడి ముందు మాత్రం అనకు, బాగుండదు" అంది.

ఆలోచించాను. ఇంట్లో ఉంటే అతను ఎప్పుడు ఏ తలుపులోంచి వస్తాడో తెలియదు. పడవలోనైతే ఎక్కడున్నాడో తెలుస్తుంది. వెళ్ళాలనే నిర్ణయించుకున్నాను. "నువ్వేం కంగారు పడకన్నయ్యా, గెడ నాకు అలవాటే" అని జోస్లిన్ నిన్న భుజం తట్టాడు.

రేపు శుక్రవారం పదకొండింటికి బేసిల్ అంత్యక్రియలు. శనివారం ఉదయం ఆరున్నరకు పడవ. సోమవారం పదింటికి టిల్లెట్ లండన్ కోర్టులో ఉంటాడు. ప్రభువులందరూ బాతుల వైపు చూస్తూ, వారసుడికి వీపు పెట్టి కూర్చున్నారు. శనివారం కౌలుదారులందరి ఎదుటా నేను గెడ వైపు తిరిగి కూర్చుంటాను. తుపాకీ నా ఒళ్ళో ఉంటుంది.

గురువారం, 1908 నవంబరు 12, కోల్డ్‌మియర్ భవనం.

(సంతకం) లాంబర్ట్ వైమర్, కోల్డ్‌మియర్ ప్రభువు

మా ఇద్దరి ఎదుట ఆయన సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటే మేము సంతకాలు చేశాము:
ఆర్థర్ గర్నీ, వైద్యుడు
సైలస్ మాక్, కోల్డ్‌మియర్ రైల్వే స్టేషన్ మాస్టర్