కాటమయ్య ఇంటి కాగితాలు

నల్లగొండ,
18 డిసెంబర్ 2022.

ప్రవళికకు,

సమీరా సలాములు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ అత్తమ్మ లాల్ బీ, ఖలీద్, పిల్లలిద్దరూ బాగున్నారు. నేను కూడా బాగున్నానని రాస్తే మర్యాదగా ఉండేది. కానీ ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా రాయకూడదనుకుని కూర్చున్నాను. నేను బాగాలేను.

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమెందుకు అనుకుంటావేమో. వారంలో తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మొన్న కోర్టుకే వచ్చాను. నీ గుమాస్తా పరశురాములు నన్ను చూడగానే లేచి, "మేడం లేదక్కా, హైద్రాబాద్ పోయింది" అన్నాడు. నీ స్కూటీ గేటు పక్కనే ఉంది. ఆయన నా ముఖం చూడలేక సర్దిన ఫైళ్లనే మళ్లీ సర్దుతున్నాడు. ఆయనతో ఇంకో అబద్ధం ఆడించడం ఇష్టం లేక తిరిగి వచ్చేశాను. పైగా నువ్వు వకీలువి. నోటితో అన్న మాట కంటే సంతకం పెట్టిన మాటకే మీ దగ్గర విలువ. అందుకే రాస్తున్నాను.

జూన్‌లో మీ ఇంటికి జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన రోజు గుర్తుందా? మీ పక్కింటి గేటుకు "ఇల్లు అమ్మబడును" అని అట్ట కట్టి ఉంది. నేను అక్కడే నిలబడి చదువుతుంటే నువ్వే బయటికి వచ్చి, "కాటమయ్య కాకది. కండక్టర్ పని చేసి రిటైరైండు. ఆలేరుల బిడ్డ దగ్గరికి పోతడంట" అన్నావు. రెండు గదులు, ముందు ఒక రేకుల షెడ్డు, కిందనే ఇల్లు. మేమున్న కిరాయి ఇల్లు రెండో అంతస్తు. అత్తమ్మ మోకాళ్లతో మెట్లు దిగలేక నాలుగేళ్లుగా పండగ రోజు తప్ప వీధి ముఖం చూడలేదని నీకు తెలుసు. నేను నవ్వుతూ, "మేం కొంటే?" అన్నాను. నువ్వు ఒక్క క్షణం నా వైపు చూసి, "మంచిదే కదనే" అన్నావు. ఆ ఒక్క క్షణాన్ని నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

కాటమయ్య కాకతో బేరం ఒక్క పూటలో తెగింది. రెండు లక్షలు బయానా ఇచ్చాం. అవి నా షాపులో పదకొండేళ్ల కుట్టు. మూడు నెలల్లో మిగతాది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని, లేకపోతే బయానా పోతుందని అగ్రిమెంటు రాసుకున్నాం. ఆ రోజు నేను మెడలో టేపుతోనే షెడ్డు కొలిచాను. ఓవర్‌లాక్ మిషన్ ఇక్కడ, కటింగ్ బల్ల అక్కడ అని చెబుతుంటే కాక నవ్వి, "ఇంటికి గూడ జాకెట్ కుట్టేటట్టున్నవు బిడ్డా" అన్నాడు.

బ్యాంకులో లోను చూసే సతీశ్ గారు ఖలీద్ జీతం కాగితాలు, నా షాపు లైసెన్సు తీసుకుని, "ఇంటి పేపర్లు మా వకీలు చూసి రిపోర్టు ఇయ్యాలె. ప్రవళిక మేడం అని ఉన్నరు" అన్నారు. నాకు ఎంత సంతోషమైందో తెలుసా? ఖలీద్ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నా ఫోన్ చేసి చెప్పాను. "మన ప్రవళికేనట! ఇక ఫికర్ లేదు" అన్నాను. ఆయన కూడా, "అయితే ఇల్లొచ్చినట్టే" అన్నాడు.

తర్వాత నువ్వు నన్ను ఎలా తిప్పావో వరసగా రాస్తాను. నీకు తెలియక కాదు. నేను చదువుకోవడానికి.

మొదట, ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజుల్లో ఒకటి జిరాక్సు ఉంది, చెల్లదు, రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర ఉన్న నకలు కావాలన్నావు. ఆ నకలు కోసం నాలుగుసార్లు తిరిగాను. బడి తెరిచే రోజులు, యూనిఫారాల గిరాకీ. షాపు మూసి తిరిగాను. తెచ్చి నీ చేతిలో పెడితే, "బ్యాంకోళ్లు ఇంకోటి అడుగుతున్నరే" అన్నావు. కాటమయ్య కాకకు ఇల్లు అమ్మిన ఆసామి చనిపోయాడు, ఆయన వారసులకు అభ్యంతరం లేదని సంతకం కావాలట.

ఆ వారసురాలు యాదలక్ష్మి కేతేపల్లిలో ఉంటుందని తెలుసుకుని ఖలీద్, నేను బస్సెక్కి వెళ్లాం. ఆమె పత్తి చేనులో కలుపు తీస్తున్నది. గట్టు మీద నిలబడి సంగతి చెబితే నడుం మీద చేయి వేసుకుని అంతా విన్నది. "మా నాయిన అమ్మి ముప్పై ఏండ్లాయె. గప్పుడు నేను రెండు జడల పిల్లను. గిప్పుడు నా సంతకమెందుకమ్మా?" అన్నది. మా వకీలు అడిగిందని చెప్పాను. మా వకీలు అనే అన్నాను ప్రవళికా, గర్వంగానే అన్నాను. ఆమె బోరు దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "నా సంతకంతోని నీకు ఇల్లొస్తదంటే పది పెడ్త, తే" అని గట్టు మీద కూర్చుని ఒక్కో అక్షరం దిద్ది పెట్టింది. ఖలీద్ ఆమెకు సగం దినం కూలి ఇవ్వబోతే కోపం చేసింది.

ఆ కాగితం నీకిచ్చాను. నువ్వు చూసి, మడిచి, ఫైల్లో పెట్టుకుని, "ఇది మంచిగ తెచ్చినవు" అన్నావు. వారం తర్వాత, ఖలీద్ కాంట్రాక్టు కార్మికుడు కాబట్టి ఇంకా ఐదేళ్లు పని ఉంటుందని కంపెనీ రాసివ్వాలని బ్యాంకువాళ్లు అంటున్నారన్నావు. ఏ కాంట్రాక్టర్ రాసిస్తాడు అలాంటిది? ఖలీద్ ఎన్నడూ ఎవరి ముందూ చేయి చాచని మనిషి. ఆ కాగితం కోసం కాంట్రాక్టర్ ఇంటి ముందు మూడు ఆదివారాలు నిలబడ్డాడు. చివరికి ఏదో ఒక ముక్క రాయించుకొచ్చాడు. అది కూడా నీకే ఇచ్చాను. అప్పుడు మున్సిపాలిటీ రసీదులో ఇంటి నంబరు తేడా ఉందన్నావు.

అంతలో సెప్టెంబర్ తొమ్మిది దాటింది. గడువు అయిపోయింది. కాటమయ్య కాక మంచివాడు కాబట్టి, "ఇంకో నెల ఆగుత బిడ్డా. గంతకు మించి నా తోని గాదు. ఆలేరుల అల్లుడు జాగా చూసి పెట్టిండు, ఆడ పైసలు కట్టాలె" అన్నాడు. ఆ నెలలో నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ప్రతిసారీ, "నా చేతుల ఏమున్నదే, నేను పంపిన. బ్యాంకోళ్లే కూసున్నరు దాని మీద" అన్నావు. అక్టోబర్ పద్నాలుగున కాక ఇల్లు విత్తనాల షాపు విజేందర్‌కు రిజిస్ట్రేషన్ అయింది. ఆ సాయంత్రం నువ్వు మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని, "బాధపడకే, ఇంకోటి చూద్దం" అని నా వీపు నిమిరావు. అత్తమ్మ నీకు సేమియా చేసి పెట్టింది. తిన్నావు.

పోయిన సోమవారం మా కాగితాలు వెనక్కి తెచ్చుకుందామని బ్యాంకుకు వెళ్లాను. సతీశ్ గారి మీద నాకు కోపం. ఆ కోపంతోనే, "మేం పేదోళ్లమని ఇన్ని తిప్పలు పెడ్తరా సారూ? ఇల్లు పోయింది మాది" అన్నాను. ఆయన విస్తుపోయి నన్ను చూశారు. "మేమెక్కడ తిప్పినమమ్మా? జూన్ ఆఖరుకే మా దిక్కు నుంచి అంతా ఓకే అయింది. వకీలు రిపోర్టే రాలె. రెండుసార్లు లెటర్ గూడ పెట్టినం" అన్నారు. నేను నమ్మలేదు. ఆయన ఫైలు తిప్పి నా ముందు పెట్టారు.

జూలై నాలుగున ఒక లేఖ, ఆగస్టు పదహారున ఒక లేఖ. రెండూ నీ పేరు మీదే. "రిపోర్టు వెంటనే పంపగలరు" అని ఉంది. ఆ ఫైల్లో రిజిస్ట్రార్ ఆఫీసు నకలు లేదు. కాంట్రాక్టర్ రాసిచ్చిన ముక్క లేదు. యాదలక్ష్మి సంతకం లేదు. "ఇవేవీ మేం అడగనే లేదమ్మా" అన్నారాయన. వాళ్లు అడగలేదు, నువ్వు పంపలేదు. మరి నేను ఎవరి కోసం తిరిగినట్టు?

సతీశ్ గారు నీళ్లు తెప్పించారు.

ఇంటికి వచ్చి కారణం వెతకడం మొదలుపెట్టాను. నేను నిన్ను ఎప్పుడైనా ఏమైనా అన్నానా? నీ పెళ్లి జాకెట్లకు నువ్విచ్చిన డబ్బు వెనక్కి ఇచ్చేశాను, అది నీకు చిన్నతనమనిపించిందా? మా అబ్బా దవాఖానలో ఉన్నప్పుడు నాలుగు రోజులు నాతోపాటు వరండాలో పడుకున్నావు. ఆయన చివరిసారి నీళ్లు తాగింది నీ చేతి మీదుగానే. ఆ మనిషే ఈ పని చేసిందంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. చివరికి ఒక్కటే తోచింది. విజేందర్ దగ్గర కమీషన్ తీసుకుని ఉంటావని. అదే అయితే నన్ను అడగాల్సింది. ఎంతో కొంత నేనే ఇచ్చేదాన్ని. వకీలు ఫీజు అనుకునేదాన్ని.

ఖలీద్‌కు చెప్పినప్పుడు ఆయన అరవలేదు. "ఆమె తోని ఇంక మాట్లాడకు" అని మాత్రం అన్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. అత్తమ్మకు మేమింకా చెప్పలేదు. ఆమె ఇప్పటికీ, "ప్రవళిక రాక చాన రోజులాయె, రమ్మనరాదు" అంటున్నది.

ఒక పని చేశాను. అది వేరేవాళ్ల నోటి నుంచి నీకు తెలియడం నాకిష్టం లేదు. శుక్రవారం బ్యాంకు మేనేజర్‌కు నీ మీద ఫిర్యాదు రాసిచ్చాను. తేదీలన్నీ వేశాను. రాసేటప్పుడు రెండుసార్లు చించేశాను, మూడోసారి చించలేదు. ఇంకో సమీరా నీ ఆఫీసు మెట్లెక్కి, నువ్వు ఆడించే ఆట తెలియక కాగితాల కోసం ఊళ్లు పట్టుకు తిరగకూడదు. మా లోను అర్హత ఇంకా ఉందట, ఇంకో ఇల్లు చూసుకుంటే వేరే వకీలుకు పంపిస్తామన్నారు. చూస్తాం. ఇప్పుడు కాదు. ఇప్పుడు ఏ ఇంటి ముందు అట్ట కనబడినా చదవలేకపోతున్నాను.

నీ నుంచి నాకు ఒక్కటే కావాలి. ఎందుకు చేశావో రాయి. నాలుగు వాక్యాలు చాలు. వకీలు భాషలో వద్దు.

ఇట్లు,
నిన్ను పద్నాలుగేళ్లు సొంత అక్కచెల్లెలనుకున్న
సమీరా

తా.క. : 20 డిసెంబర్. ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటించాను కూడా. పోస్టులో వేయడానికి బయల్దేరుతుంటే కాటమయ్య కాక షాపుకు వచ్చాడు. ఆలేరు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చాడట. సంచీలోంచి మా బయానా రెండు లక్షలూ తీసి కటింగ్ బల్ల మీద పెట్టాడు. "అగ్రిమెంటు ప్రకారం మీకు రావాలె కదా కాకా, మీరెందుకు ఇస్తున్నరు?" అన్నాను. "తింటున్న అన్నం అరుగుతలేదు బిడ్డా" అని కూలబడ్డాడు.

అగ్రిమెంటు అయిన మూడోనాడే నువ్వు ఆయన దగ్గరికి వెళ్లావట. మాకు అమ్మవద్దని, వేరే బేరం నువ్వే తెస్తానని అన్నావట. "సంతకం పెట్టిన, మాట తప్పను" అని ఆయనంటే, "సరే, కాగితాలు నేను చూస్కుంట" అని లేచి వచ్చావట. అంతా తెలిసీ, ఆలేరు జాగా పోతుందన్న భయంతో నోరు మూసుకున్నానని, తప్పు తనది కూడానని ఏడ్చాడు.

అందుకే కవరు చించి ఇది రాస్తున్నాను. కమీషన్ అని పైన రాసిన మాట కొట్టేయలేదు. అదే నిజమై ఉంటే బాగుండేది. నాకు కారణం రాయనక్కర్లేదు ప్రవళికా, ఆయన చెప్పాడు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను. "ఆ పిల్ల నీ దోస్తే కద బిడ్డా, ఎందుకు వద్దంటున్నవు?" అని ఆయన నిన్ను అడిగాడట. నువ్వు ఇలా అన్నావట:

"దోస్తే కాకా. దాని తోని ఒక్క కంచంల తింట. గని ఒక్క సాయబుల ఇల్లొస్తే రేపు ఈ గల్లీల మా ఇండ్లు కొనేటోడు ఉండడు. దోస్తు వేరు, పక్కిల్లు వేరు."