పద్నాలుగో పెట్టె లేబుల్

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ ఒకావిడ నన్ను చూసి నవ్వింది. పేరు సురయ్యా. శాలిబండ స్కూలు నుంచి ఐదో తరగతి పిల్లలతో వచ్చిన ఆయా.

మా హిస్టారికల్ సొసైటీకి స్కూళ్లు వస్తే గ్యాలరీ తిప్పి చూపించేది నేనే. పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగం. పద్నాలుగో అద్దాల పెట్టె దగ్గర కావాలనే గొంతు తగ్గిస్తాను. పిల్లలు ముందుకు వంగుతారు. "జాగీర్దారు దస్తావేజులు దాచిన తోలు సంచి. మధ్యలో గుండ్రంగా కనిపించేది అరిగిపోయిన అధికార ముద్ర." ఈ లేబుల్ రాసిందీ నేనే, చేరిన కొత్తలో. సంచి ఖాళీగా ఉంది కాబట్టి దస్తావేజులు ఎవరో కాజేశారని నోటితో కూడా చేరుస్తుంటాను.

సురయ్యా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు నీళ్లు తాగుతున్నప్పుడు పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది, అది వరక్ కొట్టే సంచి అని. మిఠాయిల మీద అంటించే వెండి రేకే వరక్. వెండి ముక్కల్ని సంచిలో పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో బాదుతారట. వాళ్ల నాన్న ముప్పై అయిదేళ్లు అదే పని చేశాడట. నేను ముద్ర అంటున్నది సుత్తి దెబ్బలకు పడిన గుంటట.

థాంక్స్ అన్నాను. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 5, బుధవారం

పాత రిజిస్టర్ తీసి చూశాను. ఆ సంచి ఎదురుగా ఒకే ముక్క ఉంది: "అఫ్జల్‌గంజ్, పాత సామాన్ల దుకాణం." జాగీర్దారు ఊసే లేదు. ఆయన నా బుర్రలోంచే వచ్చాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

శాలిబండ వెళ్లాను. సురయ్యా వాళ్ల నాన్న మొహియుద్దీన్ చాచాకు డెబ్బై దాటాయి. కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగి ఉంది. సుత్తి పని వల్లనట.

ఫోన్‌లో సంచి ఫోటో చూపించాను. కూతురిలా నవ్వలేదు. కళ్లజోడు తెప్పించుకుని చాలాసేపు చూశాడు. మెషీన్లు వచ్చాక తన సంచీ, సుత్తీ అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడట. ఇది తనది కాదు గానీ తనలా వరక్ కొట్టేవాళ్లదేనన్నాడు.

నెలాఖరు శనివారం మా పబ్లిక్ ప్రోగ్రాంలో వచ్చి మాట్లాడమని అడిగాను. టీ సాసర్‌లో పోసుకుని చల్లార్చుకుంటూ అడిగాడు.

"ఇన్నేండ్లు అద్దంల పెట్టి జాగీర్దారుది అన్నరు. ఇప్పుడు మొహియుద్దీన్ అసొంటోనిది అంటే దాని ఇజ్జత్ తగ్గుతదా, పెరుగుతదా బేటీ?"

సిగ్గేసింది.

చివరికి వస్తానన్నాడు, ఒక షరతు మీద. "తప్పు రాసింది మీరేనని మీరే మైక్‌ల చెప్పాలె. నేను చెప్తే ముసలోడు ఏదో అంటుండు అనుకుంటరు."

సరేనన్నాను. ఆటోలో వస్తుంటే భయమేసింది.

ఫిబ్రవరి 10, సోమవారం

సెక్రటరీ వైకుంఠం సార్ కుదరదన్నారు. లేబుల్ మార్చాలంటే చప్పుడు చేయకుండా మార్చుకోమన్నారు. నలుగురిలో తప్పు ఒప్పుకుంటే సొసైటీ పరువు ఏం కావాలని అడిగారు. శనివారం వేదిక ఎక్కేది ప్రొఫెసర్లట. చాచా కావాలంటే వరండాలో కూర్చుని డెమో ఇవ్వొచ్చట. లేస్తుంటే, మార్చిలో నా కాంట్రాక్టు రెన్యువల్ ఉందని గుర్తు చేశారు. చెడ్డ మనిషి కాదు. నా మంచికే చెబుతున్నానన్నారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. ఇక మెత్తగా ఉండను.

ఫిబ్రవరి 12, బుధవారం

కూర్చుని లెక్కేశాను. ఏడాదికి నలభై స్కూళ్లు, స్కూలుకు నలభై మంది. పదకొండేళ్లలో పదిహేడు వేలకు పైనే. మొదటి ఏడాది వచ్చిన పిల్లల్లో కొందరికి ఈపాటికి పెళ్లిళ్లయి ఉంటాయి. వాళ్ల పిల్లలకు కూడా నా జాగీర్దారు కథే చెబుతారేమో. చప్పుడు చేయకుండా లేబుల్ మారిస్తే వాళ్లకెలా తెలుస్తుంది?

శనివారం ప్రోగ్రాం నోట్ మళ్లీ రాసి సార్‌కు పంపాను. డెమో అనే మాట కొట్టేశాను. వక్త అని రాశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

నా నోట్ చూసి, చాచా వేదిక ఎక్కడానికి సార్ ఎలాగో ఒప్పుకున్నారు. ఇన్విటేషన్ ప్రెస్ నుంచి వచ్చింది. చాచా పేరు లేదు. "ఒక స్థానిక కళాకారుడు" అని ఉంది. ఒక స్థానిక కళాకారుడట! ప్రొఫెసర్ గారినైతే "ఒక స్థానిక ప్రొఫెసర్" అని వేస్తారా?

రెండు వందల కార్డులూ ముందేసుకుని, ఆ మాట మీద గీత కొట్టి, ఒక్కొక్క దాని మీదా చేత్తో రాశాను: మొహియుద్దీన్, వరక్ కారీగర్, శాలిబండ. వేళ్లు వాచాయి. అన్నీ పోస్టులో వేసి ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రేపు మాట్లాడటానికి సార్ నాకు పది లైన్ల స్వాగతం టైప్ చేయించి ఇచ్చారు. అందులో తప్పు అనే మాటే లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

మామూలుగా పదిహేను మంది వస్తారు. ఇవాళ కుర్చీలు చాలలేదు. శాలిబండ స్కూలు పిల్లలు కింద జంపఖానా మీద కూర్చున్నారు. సార్ ముందు వరసలో ఉన్నారు.

సార్ ఇచ్చిన కాగితం మడిచి బ్యాగ్‌లో పెట్టుకున్నాను. "పద్నాలుగో పెట్టె లేబుల్ నేను రాశాను. అది తప్పు. నాకు తెలియదు కాబట్టి కల్పించాను. ఎవరినీ అడగలేదు." అంతే అన్నాను. సార్ వైపు చూడలేదు.

పెట్టె తాళం తీసి సంచి చాచా ముందు పెట్టాను. కాటన్ గ్లవ్స్ ఇచ్చాను, వేసుకోలేదు. చేతికి తగలకపోతే ఎట్ల తెలుస్తదన్నాడు. రూల్ తెలిసీ ఊరుకున్నాను. ఆయన రెండు చేతులతో సంచి ఎత్తి తిరగేశాడు. వెనక కూడా అదే గుంట. కొట్టే వాళ్లు మధ్యమధ్యలో తిప్పుతారట. పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని తిప్పి చూడలేదు. చూసి ఉంటే ఏ వెర్రివాడు సంచికి రెండు వైపులా, సరిగ్గా ఒకే చోట ముద్ర వేస్తాడని అనుమానమన్నా వచ్చేది.

చాచా నలభై నిమిషాలు మాట్లాడాడు. ఎవరూ లేవలేదు. ఒక పాప లేచి, మరి జాగీర్దారు ఏమైపోయాడని అడిగింది. లేడమ్మా, నేనే పుట్టించానని చెప్పాను. పాప ముఖం చిన్నబోయింది. చాచా మైక్ తీసుకున్నాడు.

"లేడని ఎవరన్నరు? ఆయన తిన్న మిఠాయి మీద రేకు మేమే కొట్టినం."

హాలంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

సార్ ఓట్ ఆఫ్ థాంక్స్ దాకా ఉండలేదు. వెళ్తూ వెళ్తూ, సోమవారం కనపడమన్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

గంటసేపు తిట్టారు. మైక్ గురించి, కార్డుల గురించి, గ్లవ్స్ గురించి. గ్లవ్స్ విషయంలో ఆయనదే న్యాయం, ఒప్పుకున్నాను. మిగతా రెంటికీ సారీ చెప్పనన్నాను.

నా కాంట్రాక్టు ఫైలు తెప్పించి సంతకం పెట్టారు. ఏడాదికి కాదు, ఆరు నెలలకే. సరే, ఆరు నెలలు. కొత్త లేబుల్ ప్రింట్‌కు పంపాను. కింద రెండు పేర్లున్నాయి: సురయ్యా, మొహియుద్దీన్.

ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున తాళం తీసేసరికి మెట్ల మీద ఐదుగురు. శనివారం సంగతి విని వచ్చారట. ముందున్నావిడ పేరు ఆగమ్మ, సైదాబాద్ నుంచి. ఆరో పెట్టెలో ఉన్నది లేబుల్‌లో రాసినట్టు దీపపు సెమ్మె కాదట.

కుర్చీ వేశాను.